మేక పళ్లూ, మనిషి కత్తెరా

గుట్ట: మీ బోన్సాయ్ కుండీల్లో ఉన్నవి ఏ సీమ ముసలి చెట్లక్కా? పుట్టింది ఇక్కడ, తాగేది మన బోరు నీళ్లు, ఆకారం మాత్రం జపాను కొండలది. చింతకు పైన్ చెట్టు వేషం కట్టారు. మొదట్లో బలంగా లేచి పోనుపోను సన్నబడే మాను, కిందికి వాల్చి తీగ చుట్టిన కొమ్మలు, ముక్కోణంలో కుదిరిన తల. ఒక పక్క బెరడు వలిచి, గంధకపు సున్నం పూసి, ఎముకలా తెల్లబరిచిన ఎండుకట్టె. అనంతపురం నుంచి కదిరి దాకా పోయి రండి, ఏ ముసలి చింతమానైనా ఇట్లా నిలబడిందేమో చూసి చెప్పండి. చింత ముదిరితే కోసుగా ఉండదు. తల నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. మాను మడతలు పడుతుంది. లోపల తొర్ర తొలుచుకుని చిలకలో పైడికంటెలో కాపురం పెడతాయి. తెల్లటి ఎండుకొమ్మ మన చెట్టుకు ఎన్నాళ్లని అంటిపెట్టుకుని ఉంటుంది? చెదలన్నా తింటాయి, ఎవరన్నా పొయ్యిలోకి విరుచుకునన్నా పోతారు.

కుండీ: నువ్వు చెప్పిన చింతను నేనూ చూశానప్పా. చూడకుండా ఈ పని మొదలుపెట్టలేదు. జపానువాళ్లు మంచు బరువుకు వాలిన కొమ్మను చూసి దాన్ని వయసు గుర్తుగా పెట్టుకున్నారు. మనకు మంచు లేదు, ఒప్పుకుంటా. అయినా మన ముసలి కొమ్మా వాలుతుంది, దాని బరువే దాన్ని దించుతుంది. వయసుకు ఏ దేశంలోనైనా కొన్ని గుర్తులు ఒకటే. వేళ్లు నేల మీదికి తేలి మొదలు చుట్టూ పరుచుకోవడం, మాను లావెక్కడం, పైకి పోయే దూకుడు తగ్గి అడ్డంగా పెరగడం, కొన్ని కొమ్మలు చచ్చి కొన్ని బతకడం. వాటిని ఏరి చిన్నదాంట్లో చూపిస్తాను. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రావణుడి పది తలలూ ఒకే వరసలో ఉంటాయి. అట్లాంటి మెడ ఎక్కడుందని ఎవరైనా అడిగారా? చూసేవాడికి పది తలలు తెలియాలి, అంతే.

గుట్ట: తోలుబొమ్మ మేక చచ్చాక చేసింది. మీది బతికున్న చెట్టు. అయితే చెట్టుకు నొప్పి, చెట్టుకు హింస అనే వాదన నేను ఎత్తను. ఆ వాదన చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల పెరట్లో కరివేపాకును ఎట్లా విరుస్తారో కూడా చూశాను. నా తగువు వేరే. గుట్ట మీది చెట్టులో ప్రతి వంకరకూ ఒక కారణం ఉంటుంది. పెనుకొండ కోట రాళ్ల సందుల్లో జువ్వి వేళ్లు చూడండి, కొన్నిచోట్ల పలకల్లా నొక్కుకుపోయి ఉంటాయి. రాయి అట్లా ఉంది కాబట్టి వేరు అట్లా ఉంది. ఒక వేప మాను నడిమికి చచ్చి పక్కనుంచి కొత్త తల కట్టిందంటే, ఏదో ఒక ఏడు వాన తప్పి, కొన దాకా నీళ్లు లాగలేక, పైభాగాన్ని వదులుకుని కింది కొమ్మలతో బతికిందని అర్థం. చెట్టు ముదిరేకొద్దీ తల దించుకోవడం దానికి తెలిసిన బతుకుతెరువు. ఆ ఎండుమోడు ఒక కరువుకు సాక్ష్యం. మీ ఎండుమోడు ఉలికి సాక్ష్యం. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి దొంగసాక్ష్యం.

కుండీ: దొంగసాక్ష్యం అనడం సులువు. సరే, నీ గుట్టకే పోదాం. బండల నడుమ మోకాలెత్తున గట్టిగా ముడుచుకున్న రేగుపొద ఉంటుంది కదా, దాన్ని మలిచింది ఎవరు? మేక. చిగురు వేసినప్పుడల్లా కొరికింది, కొరికిన చోట రెండు చిగుళ్లు వచ్చాయి, వాటినీ కొరికింది. నేను కత్తెరతో చేసేది అచ్చం అదే, రెమ్మ కొస తుంచి పక్క కన్నులను లేపడం. ఇక చేను గట్టు వేపకు ఆ రూపు ఎవరిచ్చారు? నీడ పడి వేరుశనగ పోతుందని రైతు ఏటా కొమ్మలు కొట్టాడు. మిగిలినవాటిని కాపరి దోటితో లాగి గొర్రెలకు వేశాడు. రోడ్డు పక్క చింతను కరెంటోళ్లు ఒక పక్కంతా చెక్కేశారు. నేను నిన్ను ఒక్కటే అడుగుతా. మన పీఠభూమి మీద మనిషి చెయ్యీ మేక నోరూ తగలని ముసలి చెట్టు ఒకటి చూపించు. అప్పుడు దాని పక్కన నా కుండీ పెట్టి దొంగసాక్ష్యం ఒప్పుకుంటా.

గుట్ట: చూపించలేను. ఇది మీకు అనుకూలమే, అయినా చెబుతున్నా. ఇక్కడ చెట్టు ముసలిది కావాలంటే రెండే దారులు. ఒకటి, దానికి దేవుడి పేరో ఊరి కట్టో అండగా ఉండాలి. రెండు, అది ఎందుకూ పనికిరానిది కావాలి. మాను బోలుగా ఉన్న చింతను కలప వ్యాపారి ముట్టుకోడు, పలకలు రావు కదా. లోపలి చేవ ఎట్లాగూ చచ్చిన కట్టే, అది పోయినా చెట్టు చావదు. బెరడు కింద సన్నటి పొరలో బతుకుతుంది. కాబట్టి మన ముసలి చెట్లన్నీ తొర్ర చెట్లే కావడం ప్రకృతి ఒక్కదాని పని కాదు, గొడ్డలి ఏరివేత కూడా. నేను ప్రకృతి అంటున్న దాంట్లో సగం ఊరే ఉంది. అయినా ఒక చెట్టు ఉంది. తిమ్మమ్మ మర్రిమాను.

కుండీ: వస్తుందనుకున్నా.

గుట్ట: రాకుండా ఎట్లా ఉంటుంది? కదిరి దగ్గర గూటిబైలు. మన అనంతపురం జిల్లాదే, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. పదిహేనో శతాబ్దంలో తిమ్మమ్మ భర్త చితి మీద సహగమనం చేసిందని, ఆ చోట నాటిన గుంజ చిగురించి మర్రి అయిందని కథ. గుంజ కథను నమ్మినా నమ్మకపోయినా మర్రి కొమ్మ పాతితే నాటుకుంటుందన్నది నిజం. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తల విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు, దాదాపు అయిదు ఎకరాలు. ఇప్పుడు చెప్పండి, ఆ చెట్టుకు ముందు ఎటు, వెనక ఎటు? మీ కళలో మొదటి నియమమే ముందువైపు నిర్ణయించడం. చూసేవాడు ఒకచోట నిలబడతాడు, చెట్టు వాడివైపు కొంచెం వంగుతుంది. తిమ్మమ్మ మానుకు ముందువైపు లేదు. ఒక మాను లేదు. ఒక్క చూపులో పట్టదు. లోపలికి పోవాలి, పోయాక చెట్టు కనిపించదు, ఊడలు కనిపిస్తాయి. వృద్ధాప్యానికి మన నేల ఇచ్చిన రూపం అది. దాన్ని పళ్లెంలో పెట్టండి చూద్దాం.

కుండీ: పళ్లెంలో అడవి పెట్టే పద్ధతి కూడా ఉందప్పా. అమెరికాలో జాన్ నాకా అని జపాను సంతతి ఆయన, తన మనవలకు ఒక్కొక్కటి చొప్పున పదకొండు జునిపర్లను ఒకే పళ్లెంలో పెంచి ‘గోషిన్’ అని పేరు పెట్టాడు. 1984 నుంచి అది వాషింగ్టన్‌లో జాతీయ వృక్షశాలలో ఉంది. అయినా నీ మాటలో బలం ఉంది, ముందువైపు లేని చెట్టు మాకు చిక్కే. మర్రి ఆకు వెడల్పు ఇంకో చిక్కు, ఎంత చిన్నబరిచినా కొంతవరకే. అందుకే చాలామంది మర్రి వదిలేసి చిన్నాకుల జువ్వి జాతులు పట్టుకుంటారు. కానీ తిమ్మమ్మ మానును నువ్వు ఎవరూ మలచని చెట్టుగా చెబితే మాత్రం ఒప్పుకోను. లేత ఊడలు నేలకు చేరేలోపు ఎండిపోకుండా అటవీశాఖవాళ్లు వెదురు బొంగుల్లో మట్టీ ఎరువూ నింపి, వాటిలోంచి ఊడను దించుతారు. బరువైన కొమ్మల కింద స్తంభాలు పెట్టారు. నేను నా జువ్వి ఊడకు ఏం చేస్తానో తెలుసా? మన ఎండుగాలికి ఊడ దిగదు, తడి కావాలి. కూల్‌డ్రింకు స్ట్రా నిలువునా చీల్చి, తడి నాచు పెట్టి, ఊడ చుట్టూ కట్టి నేలకు దించుతాను. వాళ్లది వెదురు బొంగు, నాది స్ట్రా. కొలత తప్ప తేడా ఏముంది?

గుట్ట: ఎందుకు చేస్తున్నామన్నది తేడా. అక్కడ ఊడ దిగకపోతే కొమ్మ విరుగుతుంది, చెట్టు పోతుంది. మీ జువ్వికి ఊడ లేకపోయినా ప్రాణానికి ఢోకా లేదు. అందానికి దించుతున్నారు.

కుండీ: మహబూబ్‌నగర్ పిల్లలమర్రి తెలుసు కదా. 2017 చివర్లో కొమ్మ విరిగి పడితే జనాన్ని రానివ్వడం ఆపేశారు. చెదలు తినేశాయి. 2018లో ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, నీళ్లలో కలిపిన క్లోర్‌పైరిఫాస్ చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు కట్టారు, ఊడలను గొట్టాల్లోంచి దించారు. ప్రాణం కోసమే చేశారు, నేనూ మెచ్చుకుంటా. కానీ ఆ ప్రాణం ఏ రూపంలో నిలవాలని చేశారో చూడు. పడిపోయిన కొమ్మ పడినచోటే వేళ్లు వేసి ఇంకో మర్రి కావచ్చు. మర్రికి అది సహజం. అట్లా వదిలితే మనం పిల్లలమర్రి అని పిలిచే ఆకారం ఉండదు. మనకు చెట్టూ కావాలి, ఆ ముసలి ఆకారమూ కావాలి. ఆకారాన్ని కాపాడాలన్న కోరిక ఉన్నచోట బోన్సాయ్ మొదలైనట్టే అని నా అభిప్రాయం. మూడెకరాల కుండీ అనుకో.

గుట్ట: మూడెకరాల కుండీ! ఇంకా నయం, దానికి అడుగున చిల్లి ఉందా అని అడగలేదు.

కుండీ: నవ్వు, పరవాలేదు. హౌరా బొటానికల్ గార్డెన్ మర్రికి అసలు మొదలే లేదు. 1864లో, 1867లో తుపాన్లకు దెబ్బతిని, బూజు పట్టి, చివరికి 1925లో మొదటి మానును తీసేశారు. ఊడలే చెట్టయి బతుకుతోంది. మర్రిలో ఏ భాగం ముసలిది? మాను వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పే వీలు మన ఉష్ణమండలపు చెట్లలో చాలావాటికి లేదు. తిమ్మమ్మ మాను వయసు చెప్పేది కథ, మాను కాదు. పాతికేళ్ల నా చింత వందేళ్లదానిలా కనిపిస్తే దొంగ అంటావు. ఆ మర్రి వయసుకు ఏ సాక్షిని పిలుస్తావు?

గుట్ట: ఇది గట్టి దెబ్బే. చూడగానే వయసు చెప్పగలమని నేనూ అనుకోను. సర్కారు తుమ్మ పదిహేనేళ్లకే ముసలిదానిలా ముడతలు పడుతుంది. ఇంకో పక్క నారేప చూడండి. విత్తనం మొలిచాక పైన జానెడు పుల్ల, కింద మాత్రం వేరు బండల సందుల్లోంచి లోతుకు దూసుకుపోతుంది. పైపుల్ల ఎండాకాలంలో చచ్చి మళ్లీ వస్తుంది. చూస్తే మొక్క, కింద ఎన్నేళ్ల వేరుందో చెప్పలేం. మన సీమలో వయసు ఎక్కువభాగం నేల కింద దాక్కుంటుందక్కా. నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. మీ పద్ధతిలో మొదట కోసేది తల్లివేరునే. కరువు చెట్టు బతుకంతా దేనిమీద ఉందో దాన్ని తీసేసి, అరచెయ్యి లోతు పళ్లెంలో పెట్టి, పైన కరువు ఆకారం చెక్కుతారు. వంకర మాను, సగం ఎండిన కొమ్మ, చిన్నబోయిన ఆకు, చూసినవాళ్లు పాపం ఎంత దాహంతో పెరిగిందో అనుకోవాలి. దానికి మాత్రం మే నెలలో రోజుకు రెండు పూటలా నీళ్లు! ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే మంచి వాన అనుకునే చోట, వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే చోట, కరువు బొమ్మకు రెండు పూటలా నీళ్లు.

కుండీ: నీళ్ల లెక్క అడిగావు కాబట్టి చెబుతా. నా కుండీలన్నింటికీ కలిపి పోసే నీళ్లు ఒక లాన్ గడ్డికి పోసే నీళ్లలో ఏ మూలకూ రావు. బియ్యం కడిగిన నీళ్లు పోస్తా. వానాకాలంలో డ్రమ్ములు పట్టిపెడతా, బోరు నీళ్లు ఊరికే పోస్తే ఉప్పు తేలి కుండీ అంచూ మానూ తెల్లగా పొరలు కడతాయి. కానీ నువ్వడిగింది లీటర్ల లెక్క కాదని నాకు తెలుసు. కరువును అనుభవించని ఒంటి మీద కరువు గుర్తులేమిటని అడుగుతున్నావు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం సరిదిద్దుతా. బోన్సాయ్‌ను ఎండగట్టి, ఆకలితో మాడ్చి పొట్టి చేస్తారని జనం అనుకుంటారు. మాడిస్తే చస్తుంది. ఎరువు వేయాలి, రెండుమూడేళ్లకు మట్టి మార్చాలి, వేళ్లు కత్తిరించి కొత్త వేళ్లు రప్పించాలి. బలంగా ఉన్న చెట్టునే కత్తిరించగలం, అదే ఆరోగ్యంగా తిరిగి చిగురిస్తుంది. ఆకారంలో కష్టం ఉంటుంది, ఒంట్లో ఉండదు.

గుట్ట: నేను అన్నదీ అదే కదా. ఒంట్లో లేని కష్టం. కాయ ఒక్కటే మీ మాట వినదు. కత్తిరిస్తే ఆకు చిన్నదవుతుంది, కాయ కాదు. మీ అడుగున్నర చింతకు కాయ కాస్తే మామూలు చింతకాయంత ఉంటుంది, కొమ్మ వంగిపోతుంది. అది చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. చెట్టు ఎక్కడో ఒకచోట అసలు మాట చెప్పేసిందనిపిస్తుంది.

కుండీ: నాకూ సంతోషమే. పులుసులోకి వేస్తా.

గుట్ట: సరే, చెన్నేకొత్తపల్లి వైపు పోదాం. 1990లో టింబక్టు కలెక్టివ్‌వాళ్లు అక్కడ పాడుపడ్డ భూమి తీసుకుని, మంట పెట్టకుండా, మేకలు పడకుండా కాపలా కాశారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గుట్టల మీద అదే పని చేశారు, కల్పవల్లి అంటారు. బోడి నేల అనుకున్నచోట మొక్కలు నాటకముందే చెట్లు లేచాయి. ఎందుకంటే కింద మొద్దులు ఉన్నాయి, వేళ్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి మేక కొరికి, గొడ్డలి నరికి, చీలమండ ఎత్తున ఆపేసిన చెట్లు అవి. ఆపడం ఆపగానే లేచాయి. మేక మలిచిన రేగుపొద బోన్సాయ్ లాంటిదే అన్నారు మీరు. కాదు. అది ఆగిన చెట్టు. దాని వెనక ఒక అడవి కాచుకుని ఉంది. మీ చింత వెనక ఏం కాచుకుని ఉంది?

కుండీ: అదే చింత. దాన్ని రేపు నేలలో పెట్టు, వేరు దిగుతుంది, మూడు వానాకాలాలకు నా తల దాటి పోతుంది. విత్తనంలో పొట్టితనం లేదు. నేను రోజూ ఆపుతున్నాను కాబట్టి ఆగింది, నేను మానుకున్న రోజు అదీ లేస్తుంది. నువ్వు చెప్పిన మొద్దుకూ నా కుండీకీ ఇందులో పోలిక ఎక్కువ, తేడా తక్కువ. తేడా ఎక్కడుందంటే, మేక ఏ కొమ్మ ఉంచాలో ఆలోచించదు, నేను ఆలోచిస్తాను.

గుట్ట: ఆలోచించి జపాను పుస్తకంలో ఉన్నది ఉంచుతారు.

కుండీ: అక్కడ నువ్వు గెలిచావు, తీసుకో. మొదట్లో నేనూ అంతే. మొదటి కొమ్మ ఎడమకు, రెండోది కుడికి, మూడోది వెనక్కు, పుస్తకం పక్కన పెట్టుకునే కత్తిరించా. మన దగ్గర చాలామంది ఇంకా అంతే. మైసూరు దత్తపీఠంలో కిష్కింధ బోన్సాయ్ వనం ఉంది, 2016లో ఒకేచోట ఎక్కువ బోన్సాయ్‌లు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కూడా ఎక్కారు. అంత పెద్ద వనంలో తిరుగుతుంటే నాకు పట్టుకున్న ప్రశ్న ఇదే, ఇన్నింటిలో మన ఊరి రచ్చకట్ట రావిలా ఉన్నవి ఎన్ని అని. దక్షిణాఫ్రికాలో చార్లెస్ సెరోనియో అనే ఆయన వాళ్ల తుమ్మజాతి చెట్ల బల్లపరుపు గొడుగు తలలు చూసి, పైన్ రూపం వదిలేసి, ఆ గొడుగునే శైలిగా మలిచాడు. వాళ్ల చిత్రకారుడు పియర్నీఫ్ బొమ్మల్లో అట్లాంటి చెట్లుంటాయని ఆయన పేరే పెట్టారు. మన నల్లతుమ్మ తల కూడా గొడుగే. మన దగ్గర ఆ పని చేసినవాడు నాకు తెలిసి లేడు. చింత తొర్ర, వేప గంట్లు, కొమ్మలు కొట్టినచోట మొటికల్లా ఉబ్బిన తలలు, రామగిరి గుట్టల మీద ఆషాఢం గాలికి తూర్పుకు వాలిన చెట్లు, వీటికి శైలులు రావాలి.

గుట్ట: రామగిరిలో గాలిమరలు పెట్టింది ఊరికే కాదులెండి. కానీ శైలులు అంటేనే నాకు భయం. ఒకసారి ‘అనంతపురం శైలి’ అని పేరు పెట్టారనుకోండి, అదే అచ్చు అవుతుంది. పదేళ్లకు ప్రతి కుండీలో ఒకే తొర్ర, ఒకే వంపు. జపానులో ఒకప్పుడు ఎవరో నిజంగా కొండెక్కి చూసినదే కదా ఈరోజు మీ పుస్తకంలో మొదటి కొమ్మ ఎడమకు అయింది? ఇంకోటి కూడా అచ్చు వెంబడే వస్తుంది. శైలికి సరిపోయే మొద్దుల కోసం గుట్టలెక్కి తవ్వడం. జపానులోని ఇటోయిగావా కొండచరియల మీది జునిపర్లను అట్లాగే తవ్వి తవ్వి దాదాపు ఖాళీ చేశారు. ఆ చరియల మీంచి పడి చచ్చినవాళ్లూ ఉన్నారు. మన గుట్టలు అంత ఎత్తు కావు, ఒక్క పార చాలు.

కుండీ: నా దగ్గర గుట్ట మీంచి తెచ్చిన రేగుమొద్దు ఒకటి ఉంది. అది నా కుండీల్లో అన్నింటికంటే అందమైనది. దాని ప్రతి వంకరా మేకదే, నువ్వన్న దొంగసాక్ష్యం అందులో లేదు. కానీ దాన్ని తేవడమే తప్పని నువ్వంటే నేను కాదనను. నీ వాదన నన్ను ఎక్కడికి తోసిందో చూశావా? ఆకారం నిజమైనది కావాలంటే గుట్టను దోచాలి. గుట్టను దోచకూడదంటే ఆకారం నేను కల్పించాలి. రెండూ తప్పే అంటావు.

గుట్ట: మూడోది ఉంది. పాత మేడల పిట్టగోడల్లో, డ్రైనేజీ గొట్టాల పగుళ్లలో పిట్టలు రాల్చిన రావి, జువ్వి మొక్కలు ఉంటాయి. గోడ పగులుతుందని ఇంటివాళ్లే యాసిడ్ పోసి చంపుతారు. సున్నం తిని, ఎండకు మాడి, సందులో నలిగి పెరిగినవి. వాటిని తెచ్చుకోండి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ పెకలించినవాటిలో దొరికినవి తెచ్చుకోండి. వాటి వంకరలు నిజమైనవి, పైగా మీరు తేకపోతే చచ్చేవి.

కుండీ: నా జువ్వులన్నీ అట్లా వచ్చినవే. కానీ గోడలో పుట్టిన రావికి మాను ఉండదప్పా, కాగడాలాంటి ఉబ్బువేరు ఉంటుంది. దాన్ని చెట్టులా నిలబెట్టడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. నాకు అరవై దాటాయి. హిరోషిమాలో యమాకివాళ్ల ఇంట్లో ఒక పైన్ ఉండేది. 1625 నుంచి కుండీలో పెంచుతున్నది. 1945లో బాంబు పడినా గోడ చాటున బతికింది. 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చారు, ఇప్పటికీ ఉంది. నాలుగు వందల ఏళ్లు తరం తర్వాత తరం నీళ్లు పోశారు. నీకు కావలసిన నిజమైన వయసు కుండీలో ఉండాలంటే అది కావాలి. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంది. నేను అక్కడికి పోయిన వేసవిలో పనిమనిషి ఒక్కపూట నీళ్లు మరిచిపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. నాలుగు వందల ఏళ్లు లేవు కాబట్టే ఉలి పట్టుకున్నా.

గుట్ట: ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంత తగువు పడేవాణ్ణి కాదు.

కుండీ: చెప్పినా పడేవాడివి.

గుట్ట: ఏమో. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. వయసును తొందరపెట్టడం మీ అవసరం, చెట్టుది కాదు. ముసలి చెట్టు దగ్గర నేను నిలబడేది నా తొందర మరిచిపోవడానికి. మీ కుండీ ముందు నిలబడితే మీ తొందర కనిపిస్తుంది.

కుండీ: నాకు తిరగేసి కనిపిస్తుంది. ఈ పని పట్టకముందు రోడ్డు పక్క చింత నాకు నీడ మాత్రమే. వేళ్లు ఎట్లా నేల పట్టాయో, ఏ కొమ్మ ఎప్పుడు చచ్చిందో, కొమ్మ కొట్టిన గాయాన్ని బెరడు ఎట్లా పెదవిలా మూసుకుందో కత్తెర పట్టాకే చూడటం వచ్చింది. రోడ్డు పనిలో ఆ చింతలు పోయినప్పుడు ఏం పోయిందో నాకు కొమ్మకొమ్మగా తెలిసింది. అవి ఇక లేవు. వాటిలో ఒకదాని రూపు జ్ఞాపకం ఉన్నంత మేరకు ఈ కుండీలో పెడుతున్నా. పైన్ వేషం అని నువ్వు మొదట ఎత్తిపొడిచిన చింత ఇదే. పాత తీగలు తీసేసి, ముక్కోణపు తల కోసేసి, పరుపు తలకు మారుస్తున్నా. ఇది ప్రకృతి కాదు. ఆ చింతా కాదు.

గుట్ట: అయితే ఒకటి అడుగుతా, కాదనొద్దు. తల దగ్గర కుడిపక్క లేతకొమ్మ ఉంది చూడండి, దానికి తీగ చుట్టొద్దు, కత్తెర పెట్టొద్దు. ఒక్కదాన్ని దాని పాటికి పోనివ్వండి.

కుండీ: పోనిస్తే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. బలమంతా అదే లాక్కుంటుంది. రెండేళ్లలో కింది కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోతాయి.

గుట్ట: గుట్ట మీదా అంతే. అందినంతవరకు మేక ఆపుతుంది, అందకపోతే దోటి.

కుండీ: ఇక్కడ నేను ఆపుతా.

గుట్ట: మేకకు ఆకలి, అక్కా. అందుకు కొరుకుతుంది.

కుండీ: నాది ఇంకేమనుకుంటున్నావు?